పదహారు సీసాలు

"మేస్త్రీ అప్పా, బిళ్ళ ఇయ్యప్పా."

శాంతమ్మ అలా అడగడం అది మూడోసారి. మేస్త్రీ నరసప్ప విననట్టే కూర్చుని ఆకుకు సున్నం రాసుకుంటున్నాడు.

మిల్లులో బిళ్ళ ఒకటే. అరచేయంత చెక్కముక్క, దానికో తాడు. ఒంటికి పోవాలన్నా, దాహానికి పోవాలన్నా ఆ బిళ్ళ చేతిలో ఉంటేనే గేటు దాటనిస్తారు. యాభై తొమ్మిది మంది ఆడవాళ్ళకు అదొక్కటే బిళ్ళ, అదీ మేస్త్రీ కుర్చీకి వేలాడుతుంటుంది. అడిగిన మనిషిని అతను పైనుంచి కిందికి చూసి, అందరికీ వినబడేలా ఏదో ఒక మాట అని, అప్పుడిస్తాడు. లేకుంటే ఇవ్వడు. అందుకే అడిగేవాళ్ళు తక్కువ.

పందొమ్మిది వందల యాభై అయిదు, మే నెల. ఆదోనిలో రైలు గేటు అవతల చంద్రమౌళి శెట్టి జిన్నింగు మిల్లు. నెత్తిన రేకులు పెనంలా కాలుతున్నాయి. జిన్నుల ముందు ఆడవాళ్ళు నిలబడి పిడికిలి పిడికిలిగా పత్తి అందిస్తున్నారు. ఒకపక్క గింజ రాలుతోంది, ఇంకోపక్క దూది ఎగురుతోంది. ఆ దూది ముక్కులోకి, గొంతులోకి పోయి, నోట్లో తడన్నది లేకుండా పీల్చేస్తోంది.

"కడుపు కింద కోస్తాంది అప్పా. నిలబడల్యాకున్నా."

"జిన్ను వదిలి పోతే పత్తి మీ నాయన వచ్చి పోస్తాడా? పన్నెండుకు గంట కొడతారు, అంతదాకా బిగబట్టుకో. వయసులో ఉండే దానివి, ఆ మాత్రం పట్టుకోల్యావా?" అన్నాడు నరసప్ప.

ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు నవ్వారు. శాంతమ్మ తల దించుకొని జిన్ను ముందుకు పోయి నిలబడింది. నిలబడ్డది నిలబడినట్టే ఉండి, చీర తడిసిపోయింది. కాళ్ళ వెంట కారి తెల్లటి దూదిలోకి పారింది. టీ డికాక్షను రంగులో ఉంది ఆ తడి.

"సెట్టి సరుకు ఖరాబు జేసినావు గదే! తుడువు. నీ సీరతోనే తుడువు."

శాంతమ్మ వంగింది. వంగిన పిల్ల మళ్ళీ లేవలేదు. దూదిలో మొహం పెట్టి పడిపోయింది.

పక్క జిన్ను దగ్గరున్న అంజనమ్మ ఉరికి వచ్చింది. ఆమె నోటికి మిల్లంతా జడుస్తుంది.

"నరసప్పా, మీ ఇంట్లో నీ పెండ్లానికి గూడా బిళ్ళ కట్టినావా? లేకుంటే నీకు బయపడి ఆమె గూడా మంచంలోనే పోస్తాందా?"

మరి ఆ పిల్ల తల్లి? సువార్తమ్మ అక్కడే, రెండు జిన్నుల అవతలే ఉంది. ఆమె ఏం చేసిందో దాచకుండా చెప్పుకోవాలి. బిడ్డ దగ్గరికి పోలేదు. మొదట మేస్త్రీ కాళ్ళ దగ్గరికి పోయింది.

"తప్పైపోయినాది అప్పా. పాపకు ఒంట్లో బాగల్యా. దూదంతా నేను ఎత్తేస్తా. సెట్టికి సెప్పొద్దు, పని తియ్యొద్దు."

అలా అని, కాళ్ళు పట్టుకున్నాక, అప్పుడు పోయి బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది.

* * *

సువార్తమ్మకు భయం ఒంట్లో నెత్తురులాగా తిరిగేది. కలరా వచ్చిన ఏడు మొగుడు మద్దయ్య పొద్దున పనికి పోయి, మాపటికి బండిలో శవమై వచ్చాడు. అంతకుముందే ఇద్దరు పిల్లలు నెలల్లోపల పోయారు. మిగిలింది శాంత ఒక్కతే. రైలు కూత వినబడితే గేటు దగ్గర పిల్ల ఉందేమోనని ఉలిక్కిపడేది. గాలి వీస్తే మిల్లు రేకు ఎగిరి మెడ మీద పడుతుందనుకునేది. మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివిన మనిషి గనక, బెల్లం కట్టిచ్చిన పొట్లం కాగితంలో కూడా ఎక్కడెక్కడ ఎవరెవరు చచ్చారో వెతికి చదివి, ఆ చావులన్నీ తన గుడిసె వైపే నడిచి వస్తున్నట్టు వణికేది.

శాంతకు పన్నెండేళ్ళు రాగానే మిల్లుకు తీసుకుపోవలసి వచ్చింది. మిల్లులో ఆడవాళ్ళకు మరుగు లేదు. వెనకాల తుమ్మకంపలే దిక్కు. ఆ కంపల్లో లారీ క్లీనర్లు, బేళ్ళు మోసేవాళ్ళు కాచుకొని ఉండేవాళ్ళు. ఒక ఏడు హొళగుంద నుంచి వచ్చిన కూలిపిల్ల ఒకతె ఆ కంపల్లోకి ఒంటరిగా పోయి, చిరిగిన రవికతో ఏడుస్తూ వచ్చింది. మరునాడు పనిలోంచి తీసేసింది ఆ పిల్లనే.

అందుకని మొదటి రోజే సువార్తమ్మ బిడ్డను కూర్చోబెట్టి నేర్పింది.

"పొద్దున్నే నీల్లు ముట్టొద్దమ్మీ. తాగితేనే కదా పోవాల్సొచ్చేది. సంగటి తిను, నోరు పుక్కిలించి ఉమ్మెయ్. దప్పికైతే సింతపండు పెచ్చు బుగ్గన పెట్టుకో. మాపున ఇంటికొచ్చినంక ఎన్నైనా తాగు."

ఒక్క సువార్తమ్మే కాదు. చర్చి చుట్టూ మిల్లు కూలీల గుడిసెలున్న పేటలో ప్రతి తల్లీ ప్రతి కూతురికీ ఇదే నేర్పింది. నీళ్ళు తాగకుండా పొద్దుగూకులు నిలబడగలిగిన పిల్లకు పేటలో మంచి పేరు. పెళ్ళి మాటలకు వచ్చినవాళ్ళతో సువార్తమ్మ గొప్పగా చెప్పేది కూడా: "మా శాంత ఏడేండ్లు మిల్లు జేసినాది. ఇంతవరకు బిళ్ళ అడిగిన పిల్ల కాదు."

నడుములో పోట్లు వచ్చేవి. చలిజ్వరం వచ్చి పోయేది. ఉచ్చ మంటగా ఉందని పిల్ల అంటే, వేడి చేసిందని తల్లి తలకు ఆముదం పెట్టేది. క్రిస్మసు పోయిన తర్వాత శాంత మొహం నిండుగా తయారైంది. బుగ్గలు ఉబ్బాయి, చేతులు గుండ్రంగా అయ్యాయి. "నీ కూతురు ఒళ్ళు సేసినాదే వదినా, ఇంక సంబంధం సూడు" అన్నారు పేట ఆడవాళ్ళు. సువార్తమ్మ మురిసిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆమె భయపడకుండా సంతోషించింది ఆ ఒక్కదానికే.

* * *

ఆసుపత్రిలో డాక్టరు లక్ష్మీనారాయణ శాంతమ్మ మోకాలి కింద బొటనవేలితో నొక్కాడు. వేలు తీసినా అక్కడ గుంట అలాగే ఉండిపోయింది.

"ఇది కండ కాదమ్మా, నీరు" అన్నాడు.

ఒక గాజు గొట్టంలో పిల్ల మూత్రం పోయించి, స్పిరిట్ దీపం మీద పట్టుకున్నాడు. సువార్తమ్మ, అంజనమ్మ గోడకు ఆనుకొని చూస్తున్నారు. గొట్టం వేడెక్కింది. పైన తెల్లటి పొర కట్టింది. చూస్తుండగానే అది గట్టిపడి, ఉడికిన గుడ్డు తెల్లసొనలా ముద్దలు ముద్దలుగా విరిగింది.

"ఇట్లా విరగకూడదు. మాంసం కొట్టులో గుర్దాలు చూస్తారే, అవి మనిషికీ రెండుంటాయి. నెత్తుర్లో చెడునంతా వడగట్టి మూత్రంలో పంపిస్తాయి. ఈ పిల్లకు ఆ రెండూ చీము పట్టి, మానీ మానకుండా మళ్ళీ పట్టి, పాడైపోయాయి." ఆయన గొట్టం కింద పెట్టాడు. "రోజుకు ఎన్ని చెంబులు నీళ్ళు తాగుతుంది?"

అంజనమ్మే చెప్పింది. "పొద్దున ల్యా. మద్దేనం ల్యా. మాపున తాగుతాది సామీ. మిల్లులో మేమంతా అంతే."

"మూత్రానికి?"

"పొద్దు పొడవక ముందు ఒకసారి. పొద్దు మునిగినంక ఒకసారి. నడాన పోనియ్యరు."

డాక్టరు కుర్చీలోంచి లేచి కిటికీ దాకా పోయి వచ్చాడు. "ఎన్నేళ్ళుగా?"

"ఏడేండ్లు."

"ఎవరు చెప్పారమ్మా, నీళ్ళు తాగొద్దని?"

మంచం మీద శాంతమ్మ కళ్ళు తెరిచి తల్లి వైపు చూసింది. చూసి, డాక్టరు వైపు తిరిగి, "నాకే తాగబుద్ది కాల్యా" అంది.

సువార్తమ్మ గోడ వదిలి వచ్చి బిడ్డ కాళ్ళ దగ్గర కూర్చుంది.

డాక్టరు మాత్రలిచ్చాడు. ఉప్పు ముట్టించొద్దన్నాడు, మంచం దింపొద్దన్నాడు. "విదేశాల్లో నెత్తురును బయటికి తీసి కడిగే యంత్రం ఒకటుందని పుస్తకంలో చదివాను. ఇక్కడ లేదు, మద్రాసులో కూడా లేదు. కర్నూలు పెద్దాసుపత్రికి తొందరగా తీసుకుపోండి. అక్కడ చేతనైనంత చేస్తారు." తర్వాత అంజనమ్మ వైపు తిరిగాడు. "మీలో ఇంకెంతమందికి ఇట్లా ఉందో? ముందుగా పట్టుకుంటే బతకొచ్చు. నీళ్ళు, మందు, నిమ్మళం. అంతే కావలసింది."

"అందరివీ సూస్తావా సామీ?"

"తెస్తే చూస్తాను."

"ఊరంతా నీకు పండ్లు తెస్తారు, మేమేమో ఇవి తెస్తాము. ఏమనుకోవద్దు" అంది అంజనమ్మ.

* * *

మరునాడు మిల్లు కూత వేయకముందే పేట కదిలింది. ఆముదం సీసాలు, సిరా బుడ్లు, అత్తరు బుడ్లు, దగ్గుమందు సీసాలు. శాంతది కాక యాభై ఎనిమిది. ఎవరిది ఏదో తెలియాలి కదా, రాయగలిగింది సువార్తమ్మ ఒక్కతే. కాగితం ముక్కల మీద పేర్లు రాసి గంజితో అంటించింది. ఒక్కొక్క పేరూ రాస్తుంటే, ప్రభువా, ఈ పిల్లకు వద్దు, ఈ పిల్లకు వద్దు అనుకుంది.

సాయంత్రానికి యాభై ఎనిమిదీ మరిగించి డాక్టరు చెప్పాడు. పదహారు విరిగాయి. పదహారు సీసాలను వేరుగా ఒక బల్ల మీద పెట్టాడు. అందులో తొమ్మిది పేర్లు ఇరవై ఏళ్ళు నిండని పిల్లలవి.

ఆ మాపున చర్చి ముందర బయలులో మిల్లు జనమంతా కూడారు. మాట్లాడడానికి లేచింది గోవిందన్న. అతను ఎమ్మిగనూరు నేతగాడు. నూలు దొరక్క మగ్గం మూతబడితే ఆదోనికి వచ్చి, మిల్లులో దూదిని బేళ్ళుగా బిగించి కట్టే ప్రెస్సులో చేరాడు. కూలీల సంఘం పెట్టింది అతనే.

"సట్టం ఉంది అక్కా. మిల్లులో తాగే నీల్లు పెట్టాల, ఆడోల్లకు వేరే మరుగు కట్టాల అని ఏడేండ్ల కిందటే రాసినారు."

"అయితే రాసినోల్లకు గూడా ఉచ్చొస్తాదన్నమాట" అంది అంజనమ్మ.

జనం నవ్వారు. నవ్వలేనంత భయంలో ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

"ఏడాదికొకసారి మిల్లులు సూసే సర్కారు ఇనస్పెక్టరు వస్తాడు. ఆయన వచ్చే దినం ముందుగానే సెట్టికి తెలుస్తాది. రాత్రికి రాత్రి తడికలు కట్టిస్తాడు, కుండలు పెట్టిస్తాడు. ఆయన బండి గేటు దాటితే తడికలు పీకేస్తారు. ఈ శుక్రవారం మల్లా వస్తాండాడు. ఈసారి మనం నోరు ఇప్పాల. యాభై ఎనిమిది మందీ జిన్నులు ఆపి, ఆయన ముందర నిలబడి సెప్పాల."

వెనక నుంచి ఒక ముసలి హమాలీ లేచాడు. "ఆడోల్లు ఉచ్చ సంగతి సర్కారోని ముందర సెప్పేదేందప్పా? పేట పరువు ఏమైతాది?"

"పరువా?" అంజనమ్మ నడుముకు చెంగు బిగించింది. "మేస్త్రీ పిల్లను అంటాంటే నువ్వు నవ్వినావు మామా, నేను సూసినా. పదారు మంది గుర్దాలు కుల్లిపోతాండాయి. నీ మనమరాలిది గూడా ఉంది ఆ బల్ల మీద. పేరు సదవమందునా?"

ముసలాయన నెమ్మదిగా కూర్చున్నాడు.

అప్పుడు సువార్తమ్మ లేచింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది.

"గోవిందన్నా, వద్దన్నా. సెట్టికి కోపమొస్తే నాకు అప్పిచ్చి నా బిడ్డను కర్నూలుకు పంపేదెవరు? మీకేమి, మీరు కొట్లాడతారు. నా బిడ్డ మంచం మీద ఉంది. శుక్రవారం కాకుంటే ఇంగో సారి అడగండి. నా బిడ్డ బాగైనంక అడగండి."

ఎవరూ ఆమెను తిట్టలేదు. గోవిందన్న దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు: "అక్కా, నువ్వు ఆగమంటే ఆగుతారు వీల్లు. గుర్దాలు ఆగుతాయా?"

ఆమెను దాటుకొని సభ నిర్ణయం చేసింది. శుక్రవారం, ఇన్స్పెక్టరు జిన్నుల దగ్గరికి రాగానే పని ఆపాలి.

* * *

ఆ మాట శెట్టి చెవిన పడడానికి ఒక పూట పట్టలేదు. గురువారం పొద్దున్నే సువార్తమ్మకు పిలుపు వచ్చింది, మిల్లుకు కాదు, ఇంటికి. చంద్రమౌళి శెట్టి నట్టింట ఉయ్యాల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను గడప లోపలికి రమ్మన్నాడు. అంతవరకు పేటవాళ్ళెవరూ ఆ గడప తొక్కలేదు.

"నీ బిడ్డ సంగతి నాకు ఎవరూ చెప్పనేలేదే! చెప్పుంటే ఇంతదాకా రానిస్తానా? నా కారు ఉంది. ఇప్పుడే కర్నూలు పెద్దాసుపత్రికి పంపిస్తాను. అక్కడ కాకుంటే మద్రాసు. నీ బిడ్డంటే నా బిడ్డ కాదా సువార్తమ్మా?"

ఆమె రెండు చేతులూ జోడించింది. అప్పుడు గుమాస్తా కాగితం తెచ్చాడు.

"ఊరికే, దస్తూరు. చేవ్రాలు చెయ్యి" అన్నాడు శెట్టి.

గుమాస్తా వేలిముద్రకని సిరాబిళ్ళ కూడా తెచ్చాడు. పేట ఆడమనిషి చదువుతుందని అతను అనుకోలేదు. సువార్తమ్మ చదివింది.

'నా కుమార్తె శాంతమ్మకు పసితనము నుండియు మూత్రవ్యాధి కలదు. మిల్లు పనికిని ఈ వ్యాధికిని ఎట్టి సంబంధమును లేదు. మిల్లునందు స్త్రీలకు మంచినీటి వసతి, మరుగు వసతి సర్వకాలములందును సక్రమముగా ఉన్నవి.'

మొదటి మాట దగ్గర ఆగలేదు. రెండో మాట దగ్గర కళ్ళు తుడుచుకుంది. మూడో మాట దగ్గర వేలు ఆగిపోయింది. ఆ మాట శాంత గురించి కాదు. ఆ మాట మిగతా వాళ్ళ గురించి.

"కారు ఎండలో నిలబడి ఉంది" అన్నాడు శెట్టి.

ఆమె చేవ్రాలు చేసింది. కార్మికులారా, చదువుకునే పిల్లలారా, ఆమెను తొందరపడి తిట్టకండి. మంచం మీద బిడ్డ, వాకిట్లో కారు. ఆ రెంటి మధ్యన తల్లిని నిలబెట్టి సంతకం అడగడమే వాళ్ళకు తెలిసిన వ్యాపారం.

* * *

కారు నడిపేవాడు గిడ్డయ్య. వెనక సీటులో శాంతమ్మ తల్లి ఒళ్ళో పడుకుంది. ఊపిరిలో ఒక రకమైన వాసన వస్తోంది. వేళ్ళు వాటంతట అవే అదురుతున్నాయి.

"ఏం రాసిచ్చినావు మా?"

"ఏం ల్యా అమ్మీ. ఊరికే."

"నువ్వు సదవకుండా సంతకం పెట్టవు." కొంతసేపు కళ్ళు మూసుకొని మళ్ళీ తెరిచింది. "రేపు శుక్రవారం కదా. అంజనక్కోల్లు ఏమైతారు?"

"నాకు నువ్వు గావాల. ఇంగెవరేమైనా నాకొద్దు."

"వాల్లకు గూడా అమ్మలుండారు మా."

సువార్తమ్మ బిడ్డ నోటి మీద చేయి పెట్టింది, మాట్లాడి అలసిపోతుందని.

ఎమ్మిగనూరు వచ్చింది. కారు బస్సులు ఆగే చోట పక్కకు తిరిగి ఆగింది. గిడ్డయ్య ఇంజను ఆపలేదు. వెనక్కి తిరగలేదు.

"దిగక్కా."

"కర్నూలు కదా అన్నా?"

"ఈడిదాకనే సెప్పినాడు సెట్టి. ఈడ బస్సు దొరుకుతాది అన్నాడు. కారు మల్లా ఆదోని టేషనుకు పోవాల, బొంబాయి బేరగాండ్లు వస్తాండారు." స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. "నాకు పిల్లోల్లుండారక్కా. నన్ను తిట్టుకో, దిగు."

కర్నూలు బస్సు అప్పుడే పోయింది. ఇంకోటి రావడానికి మూడు గంటలు. మే నెల ఎండలో, టీ కొట్టు నీడలో తల్లి కూర్చుని ఉంటే, బిడ్డకు మూర్ఛ వచ్చింది.

ఏ పేరు చెప్పి పిలవాలో తెలియక సువార్తమ్మ అరిచిన మాట ఒకటే. "గోవిందన్న వాల్లెవరన్నా ఉండారా? ప్రెస్సులో పని సేసే గోవిందన్న!"

టీ కొట్టతను నేతవీధికి పరిగెత్తాడు. ఒక్కొక్క ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోతూ వచ్చింది. చేతులకు గంజి అంటి ఉండగానే జనం వచ్చారు. గోవిందన్న తల్లి, నడుము వంగిన ముసలామె, ముందు నడిచింది. పిల్లను ఎత్తుకుపోయి మగ్గం గుంట పక్కన, చల్లటి నేల మీద పడుకోబెట్టారు. నేతగాళ్ళు ఇద్దరు సైకిళ్ళ మీద కోడుమూరు దారి పట్టారు, ఎదురొచ్చే ఏ లారీనైనా ఆపి తెస్తామని. లారీ దొరికింది కూడా. వాకిట్లోకి తెచ్చి నిలబెట్టారు.

పిల్లను లేపబోయిన ముసలామె చేయి ఆగిపోయింది. శాంతమ్మ నోరు కొద్దిగా తెరుచుకొని ఉంది. చెంబు నీళ్ళతో తడిపిన పెదవులు ఇంకా ఆరలేదు.

సువార్తమ్మ ఏడవలేదు. ఆమె బతుకంతా భయపడింది ఈ ఒక్క గడియకే. ఆ గడియ వచ్చి, ఎదురుగా నిలబడి ఉంది. దానికంటే పెద్దది ఇంకేదీ రావడానికి లేదు. ముసలామె వైపు చూసి అడిగింది.

"అవ్వా, ఈ పొద్దు గురువారమే కదా?"

* * *

శుక్రవారం పది గంటలకు ఇన్స్పెక్టరు మిల్లులో ఉన్నాడు. జిన్నుల దగ్గరికి రాగానే అంజనమ్మ చేయెత్తింది, జిన్నులు ఆగాయి. ఆమె నోరు తెరిచే లోపల శెట్టి కాగితం తీసి ఇన్స్పెక్టరు చేతిలో పెట్టాడు.

"చూడండి. ఆ పిల్ల తల్లే రాసిచ్చింది. చదువుకున్న మనిషి. పిల్లను నా కారులో కర్నూలుకు పంపించాను. వీళ్ళను సంఘం వాళ్ళు ఎగదోస్తున్నారు."

ఇన్స్పెక్టరు చదివి తల ఊపాడు. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిలబడిన వరుస చెదిరింది. వెనకనున్న నలుగురు మళ్ళీ జిన్నుల వైపు అడుగు వేశారు. "సువార్తక్కే రాసిచ్చిందంటనే!" అని ఎవరో అన్నారు. "అమ్ముకున్నాది మనల్ని" అని ఇంకెవరో ఉమ్మేశారు.

అప్పుడు గేటు దగ్గర ఎద్దుబండి ఆగింది. బండి వెనక నలభై మంది ఎమ్మిగనూరు నేతగాళ్ళు, దుమ్ము కొట్టుకున్న కాళ్ళతో. బండిలో కొత్త నేత దుప్పటి కప్పిన శవం.

కాపలావాడు గేటు మూయబోయాడు. సువార్తమ్మ అతన్ని తోసుకొని లోపలికి వచ్చింది. అంజనమ్మ ఎదురొచ్చింది, చేయెత్తి. బండి చూసింది. ఎత్తిన చేయి దిగలేదు, అలాగే గాలిలో ఉండిపోయింది.

"కొట్టు" అంది సువార్తమ్మ. "కొట్టినంక సెప్తా."

అంజనమ్మ కొట్టలేదు. ఆమె భుజం పట్టుకొని పక్కన నిలబడింది.

సువార్తమ్మ ఇన్స్పెక్టరు ముందుకు పోయింది. వణుకుతోంది.

"ఆ రాత నాది కాదయ్యా, కింద సంతకం నాది. అంతా అబద్దం. కర్నూలుకు కారు ఇస్తానంటే పెట్టినా. ఎమ్మిగనూరులో రోడ్డు మీద దింపి పోయినారు. నా బిడ్డకు పుట్టుకతో ఏ రోగమూ ల్యా. ఏడేండ్లు నీల్లు తాగకుండా ఈ జిన్ను ముందర నిలబడినాది. తాగొద్దని నేర్పించింది నేనే. ఆ కంపలకు బయపడి నేనే నేర్పినా. నన్ను జైల్లో పెట్టు. కాని నాకు ఆ బయం పెట్టినోడు ఎవడో అది గూడా రాసుకో."

"లిఖితపూర్వకంగా ఉన్నదాన్ని ఇప్పుడు..." అన్నాడు ఇన్స్పెక్టరు.

"అయ్యా, రాత నమ్మొద్దు. మరుగు ఉందన్నారు కదా? రాండి, సూపిస్తా."

ఆమె నడిచింది. ఆమె వెనక యాభై మంది నడిచారు. ఇన్స్పెక్టరుకు నడవక తప్పలేదు. మిల్లు వెనకాల తడికలు నిలబడి ఉన్నాయి. కట్టిన పురికొస తెల్లగా కొత్తగా ఉంది. తడికల వెదురు ఇంకా పచ్చి వాసన వేస్తోంది. లోపల నేల మీద ఒక్క అడుగు జాడ లేదు, ఒక్క చుక్క తడి లేదు. గడ్డి పరకలు నిటారుగా నిలబడి ఉన్నాయి.

"యాభై ఎనిమిది మంది పోయే మరుగు ఇదేనంట" అంది అంజనమ్మ. "మేమంతా దేవతలం గదా సామీ, నేల తడవదు."

ఇన్స్పెక్టరు ఆ నేల వైపు చూశాడు. జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. పైకి రాస్తానన్నాడు, జవాబు రావడానికి నెలలు పట్టవచ్చన్నాడు. శెట్టి మొహం చూడకుండా బండెక్కి పోయాడు.

ఆ రోజు జిన్నులు మళ్ళీ తిరగలేదు. మిల్లు జనమూ, నేతగాళ్ళూ కలిసి శాంతమ్మను మోసుకుపోయారు. మేస్త్రీ మాటకు నవ్విన ముసలి హమాలీ పాడె ముందు కొమ్ము పట్టాడు. మట్టి వేసిన చేతులతోనే అందరూ తిరిగి వచ్చి గేటుకు అడ్డంగా కూర్చున్నారు. నీళ్ళు, మరుగు, ఆ మేస్త్రీని తీసేయడం. ఇవి జరిగేదాకా జిన్ను తిరగదన్నారు.

శనివారం పొద్దున పోలీసు లారీ వచ్చింది.

"రెండు నిమిషాల్లో లేచిపోవాలి. లేకుంటే అందరినీ ఎక్కిస్తాను" అన్నాడు సబ్ ఇన్స్పెక్టరు. "లీడరెవరు?"

గోవిందన్న లేవబోయాడు. అతనికంటే ముందు సువార్తమ్మ లేచింది. కాని ఆమె పోలీసు వైపు చూడలేదు. కూర్చున్న జనం వైపు తిరిగి, ఒక్కొక్క పేరూ పిలవడం మొదలుపెట్టింది. తను కాగితం ముక్కల మీద రాసిన పేర్లు. పదహారు. తప్పకుండా, వరుసగా పిలిచింది.

"మీరు లేయండి. మీరు లారీ ఎక్కొద్దు. స్టేషన్లో మందు ఉండదు. డాక్టరు లచ్చిమీనారాయణ దగ్గరికి పోండి, ఆయన సెప్పినట్టు ఇనండి. మందు తప్పొద్దు. మీరు బతకాల. మేము యాడుండినా మీరు బతికుండాల."

"మేమూ వస్తాం పెద్దమ్మా" అంది ఒక పిల్ల, పదిహేడేళ్ళది, మొహం అప్పటికే కొద్దిగా ఉబ్బింది.

"నువ్వు రావద్దు!" సువార్తమ్మ గద్దించింది. జన్మలో ఆమె ఎవరినీ అలా గద్దించలేదు. "ఈ కొట్లాట దేనికనుకున్నావు? నీకోసమే. పో."

పదహారు మందీ లేచారు. పోలీసులు వాళ్ళను ఆపలేదు. ముసలి హమాలీ వాళ్ళ ముందు నడిచాడు, ఆసుపత్రి దారి చూపిస్తూ.

మిగతావాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. సువార్తమ్మ లారీ దగ్గరికి పోయింది. మెట్టు ఎత్తుగా ఉంది. రెండుసార్లు జారింది. గోవిందన్న చేయి అందించాడు.

"బయంగా ఉందా అక్కా?"

"బయం ల్యాకుంటే నేనేటికొస్తానన్నా?" అంది సువార్తమ్మ. పైకి ఎక్కి, వెనక్కి తిరిగి, కింద నిలబడిన ఆడవాళ్ళకు చేయి చాపింది. "రాండి. ఒక్కొక్కరే ఎక్కండి. జాగర్త."